కొనకముందే సరిచూసుకోమంటున్నారు, దేన్ని చూసి సరిచూసుకోవాలి?

కంప్యూటర్ అనుబంధ పరికరాలను తయారు చేసే, దిగుమతి చేసుకునే, దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే సంస్థల బాధ్యులకు బహిరంగ లేఖ

మాన్యులకు నమస్కారం.

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, గ్రంథాలయం పై అంతస్తు గదిలో ఉన్న ఎనిమిది కంప్యూటర్ల బాగోగులు నేను చూసుకుంటున్నాను. అవన్నీ ఊరివాళ్లు, ఊరు విడిచి వెళ్లినవాళ్లు తాము వాడుకున్నాక మాకు ఇచ్చినవి. 2023 జూలైలో వాటన్నింటిలోనూ విండోస్‌కు బదులుగా డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాం. ఉదయం పూట పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు హాల్ టికెట్లు తీసుకోవడానికీ దరఖాస్తులు నింపడానికీ వస్తారు. సాయంత్రం బడి విడిచాక పిల్లలు వస్తారు. కంప్యూటర్ల విషయంలో మాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా వాటికి తగిలించే వస్తువులతోనే: వైఫై డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న వైఫై పరికరం), ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, బ్లూటూత్ డాంగిల్. వీటిని తయారు చేసేదీ అమ్మేదీ మీరే కనుక ఈ లేఖ మీకు రాస్తున్నాను.

లినక్స్ వాడేవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటి ఉంది. ఏ పరికరమైనా కొనే ముందు అది లినక్స్‌లో పనిచేస్తుందో లేదో సరిచూసుకోవాలి అంటారు. సలహా మంచిదే, నేనూ మా గదికి వచ్చేవాళ్లకు అదే చెబుతాను. అయితే ఆ సలహా పాటించడానికి కావలసిన వివరం డబ్బా మీద లేదు, మీ అమ్మకపు పేజీలో లేదు, దుకాణదారుకు తెలియదు. డబ్బు కట్టి, డబ్బా విప్పి, పరికరాన్ని కంప్యూటర్‌కు తగిలించాక గానీ అది బయటపడదు. అప్పటికి అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది.

మా గదిలో జరిగినది చెబుతాను. ఎనిమిదింటిలో అయిదు కంప్యూటర్లకు వైఫై లేదు. మొదట మూడు డాంగిళ్లు కొన్నాం. తగిలించిన మరుక్షణమే పనిచేశాయి, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేకపోయింది. నాలుగు నెలల తరువాత, పనిచేసిన వస్తువే కదా అనే ధైర్యంతో, అదే కంపెనీవి, అదే పేరున్నవి, అదే బొమ్మ అచ్చు వేసిన డబ్బాలోవి మరో రెండు కొన్నాం. వాటిని తగిలిస్తే కంప్యూటర్‌కు వైఫై కనిపించలేదు, దాని బదులు ఒక చిన్న సీడీ డ్రైవ్ కనిపించింది. అందులో విండోస్ డ్రైవర్లు, అంటే పరికరాన్ని విండోస్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్, ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, లోపలి చిప్ మారిపోయింది. డబ్బా అడుగున బార్‌కోడ్ పక్కన ‘వెర్షన్ 2’ అని ఉంది, ఆ అక్షరాలు చదవడానికి నాకు కళ్లజోడు ఉన్నా భూతద్దం కావలసి వచ్చింది. ఆ రెండింటినీ తిరిగి తీసుకున్న దుకాణదారు మా ఊరివాడే. విప్పిన డబ్బాలను కంపెనీ వెనక్కి తీసుకోదని తెలిసి కూడా గ్రంథాలయం కోసమని ఆ నష్టం తానే భరించాడు. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పడానికి కావలసిన సమాచారం ఆయన దగ్గర కూడా లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో మీ సాంకేతిక విభాగాలకు బాగా తెలుసు. కానీ డబ్బా మీద ఏం రాయాలో నిర్ణయించేవాళ్లకు తెలియకపోవచ్చు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. విండోస్‌లో పరికరంతో పాటు డ్రైవర్‌ను కూడా కంపెనీయే ఇస్తుంది, కాబట్టి లోపల ఏ చిప్ ఉన్నా కొనేవాడికి పట్టింపు ఉండదు. లినక్స్‌లో డ్రైవర్లలో ఎక్కువ భాగం కెర్నెల్‌లోనే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోనే, కలిసి ఉంటాయి. యూఎస్‌బీ పరికరాన్ని తగిలించినప్పుడు కెర్నెల్ దాని పేరును బట్టి డ్రైవర్‌ను ఎంచుకోదు, అది చెప్పే రెండు సంఖ్యలను చూస్తుంది: ఒకటి తయారీదారు సంఖ్య, రెండోది వస్తువు సంఖ్య. ఒక్కొక్కటి నాలుగేసి అక్షరాల హెక్సాడెసిమల్ సంఖ్య (0 నుంచి 9 వరకు అంకెలతోనూ, ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలతోనూ రాసేది). కెర్నెల్‌లోని ప్రతి డ్రైవర్ దగ్గర, తాను ఏ ఏ సంఖ్యల పరికరాలను నడపగలదో ఒక పట్టిక ఉంటుంది. సంఖ్య ఆ పట్టికలో ఉంటే పరికరం పనిచేస్తుంది, లేకపోతే లేదు. మీరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసే ఆకర్షణీయమైన పేరుకు ఈ వ్యవహారంలో ఏ పాత్రా లేదు. పరికరాన్ని తగిలించాక ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అనే ఆదేశం ఇస్తే ఆ సంఖ్యలు ఒక్క క్షణంలో తెలుస్తాయి. తగిలించకముందు తెలుసుకునే మార్గం మాత్రం మీరు చెబితే తప్ప లేదు.

పేరు మారకుండా చిప్ మారడం మా ఒక్క గదికి ఎదురైన వింత కాదు. లినక్స్ వాడేవాళ్లలో బాగా తెలిసిన ఉదాహరణ టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే డాంగిల్. దాని మొదటి వెర్షన్‌లో ఎథరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది, దానికి డ్రైవర్ 2010 నుంచే కెర్నెల్‌లో ఉంది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది, దాని డ్రైవర్ వేరు, అది నడిచే తీరూ వేరు. ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లో వెర్షన్ల వారీగా వివరాలను విడివిడిగానే ఉంచుతుంది, అది మెచ్చుకోదగిన పని. అయితే ఆన్‌లైన్‌లో కొనేవాడికి ఏ వెర్షన్ ఇంటికి వస్తుందో ముందుగా తెలియకపోతే ఆ వివరాల వల్ల ప్రయోజనం సగమే.

కొందరు డబ్బా మీద లినక్స్ అనే మాట కూడా అచ్చు వేస్తున్నారు, అందుకు సంతోషమే. కానీ ఆ ఒక్క మాట చాలదు. నేను చూసిన ఒక డబ్బా మీద, కెర్నెల్ 2.6.18 నుంచి 3.10 వరకు పనిచేస్తుందని రాసి ఉంది. 3.10 విడుదలైంది 2013లో. అంటే ఆ కంపెనీ ఎప్పుడో ఒకసారి డ్రైవర్ మూల సంకేతాన్ని (సోర్స్ కోడ్‌ను) ఒక జిప్ ఫైలుగా ఇచ్చి ఊరుకుంది, ఆ తరువాత వచ్చిన కెర్నెళ్లలో అది కంపైల్ అవుతుందో లేదో, అంటే నడిచే ప్రోగ్రాముగా మారుతుందో లేదో, ఎవరూ చూడలేదు. ఇలాంటి డ్రైవర్‌ను ఎవరైనా ఔత్సాహికులు సరిచేసి పెట్టినా, కెర్నెల్ కొత్తదైన ప్రతిసారీ దాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాలి, ఒకనాటి ఉదయం అది కంపైల్ కాకుండా పోతుంది, ఆ రోజు గదిలో ఇంటర్‌నెట్ ఉండదు. డ్రైవర్ కెర్నెల్‌లో కలిసి ఉండటానికీ, జిప్ ఫైలుగా దొరకడానికీ మధ్య ఉన్న ఈ తేడా వాడేవాళ్లకు పగలూ రాత్రీ అంతటి తేడా. డబ్బా మీద మాత్రం రెండింటికీ ‘లినక్స్’ అనే ఒకే మాట ఉంటుంది.

కెర్నెల్ సంఖ్య ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ. ఆర్‌టీఎల్8821సీయూ, ఆర్‌టీఎల్8822బీయూ అనే రియల్‌టెక్ చిప్‌లు మన మార్కెట్లో దొరికే ఎన్నో చవక డాంగిళ్లలో ఉంటాయి. వీటి యూఎస్‌బీ రూపాలకు డ్రైవర్ అసలు కెర్నెల్‌లోకి 6.2తో వచ్చింది. ఆ కెర్నెల్ 2023 ఫిబ్రవరిలో విడుదలైంది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన డెబియన్ 12తో వచ్చిన కెర్నెల్ 6.1. ఒక్క మెట్టు తక్కువ. కొత్త పంపిణీ (డెబియన్ లాంటి ఒక లినక్స్ రూపం) వేసుకున్నాను కదా అని నిశ్చింతగా ఆ డాంగిల్ కొన్నవాడికి అది పనిచేయదు, అదే డాంగిల్ పక్కింటివాడి కంప్యూటర్లో వేరే పంపిణీతో చక్కగా పనిచేస్తుంది. ‘కెర్నెల్ 6.2 నుంచి’ అనే చిన్న మాట డబ్బా మీద ఉంటే ఈ ఇద్దరిలో ఎవరు కొనాలో, ఎవరు ఆగాలో వాళ్లకే తెలిసేది.

వెబ్‌క్యామ్‌ల విషయంలో ఇంత కథ అక్కరలేదు. యూవీసీ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే ఏ వెబ్‌క్యామ్ అయినా లినక్స్‌లో పనిచేస్తుంది, 2008లో వచ్చిన కెర్నెల్ 2.6.26 నుంచీ ఆ డ్రైవర్ ఉంది. మీరు ‘ప్లగ్ అండ్ ప్లే’ అని రాసేచోట ‘యూవీసీ’ అనే మూడు అక్షరాలు చేర్చండి, చాలు. కీబోర్డులు, మౌస్‌లు కూడా ఇలాగే ఉమ్మడి ప్రమాణం మీద నడిచేవే.

ప్రింటర్ల విషయం మాత్రం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మా గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పని కాగితం చేతికి వచ్చాకే పూర్తవుతుంది. చవక లేజర్ ప్రింటర్లలో కొన్ని, పేజీని తామే గీసుకోగల తెలివి లేనివి. పేజీలోని ప్రతి చుక్కనూ కంప్యూటరే లెక్కకట్టి, ఆ కంపెనీ సొంత రహస్య భాషలో పంపితే గాని అవి అచ్చు వేయలేవు. ఆ భాష తెలిసిన డ్రైవర్‌ను కంపెనీ లినక్స్‌కు ఇవ్వకపోయినా, ఇచ్చి దాన్ని పాత 32-బిట్ లైబ్రరీలతో కట్టిపడేసినా, ఆ ప్రింటర్ మాకు ఒక బరువైన డబ్బా మాత్రమే. దీనికి భిన్నంగా, పేజీని వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్, పీడీఎఫ్ లాంటి అందరికీ తెలిసిన భాషల్లో ఏదో ఒకదాన్ని నేరుగా అర్థం చేసుకునే ప్రింటర్లు ఉన్నాయి. వాటికన్నా మేలైన మార్గం ఇప్పుడు వచ్చింది. ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణాన్నీ, 2010లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్‌నూ పాటించే ప్రింటర్‌కు లినక్స్‌లో ప్రత్యేకమైన డ్రైవరే అక్కరలేదు. కప్స్ అనే ముద్రణ వ్యవస్థ నెట్‌వర్క్‌లో దాన్ని కనిపెట్టి, అదేమేమి చేయగలదో దాన్నే అడిగి తెలుసుకుంటుంది. అందుకే ఎవరైనా ప్రింటర్ గురించి నన్ను అడిగితే, డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందేమో చూడమంటున్నాను. ఐఫోన్ వాడేవాళ్ల కోసం వేసిన మాటను ఆనవాలుగా పట్టుకుని లినక్స్ వాడేవాళ్లు ప్రింటర్ ఎంచుకోవలసి వస్తోంది, మా కోసం వేసిన మాట ఆ డబ్బా మీద ఒక్కటీ లేదు.

స్కానర్‌తో కలిసి వచ్చే ప్రింటర్లలో ఇంకో చిక్కు ఉంది, దానికి మేమూ మోసపోయాం. మేము కొన్న యంత్రం అచ్చు వేస్తుంది, జిరాక్స్ తీస్తుంది, కానీ స్కాన్ చేయమంటే కంప్యూటర్ దాన్ని స్కానర్‌గా గుర్తించదు. ఎయిర్‌ప్రింట్ లాంటి సౌకర్యానికి జోడీగా స్కానింగ్‌కు ఈఎస్‌సీఎల్ అనే పద్ధతి ఉంది, అది ఉన్న యంత్రాలు సేన్ అనే లినక్స్ స్కానింగ్ వ్యవస్థలో డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి. మేము కొన్నదానిలో అది లేదు. సేన్ వారి పట్టికలో ఒక్కో స్కానర్ ఎంత మేరకు పనిచేస్తుందో, పూర్తిగా, బాగా, ప్రాథమికంగా, అతి తక్కువగా, అసలు లేదు అంటూ అంచెలుగా రాసి ఉంటుంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఇంత నిజాయతీగా రాసి పెట్టగలిగినప్పుడు, ఆ యంత్రాన్ని తయారు చేసినవారు ‘స్కాన్: ఈఎస్‌సీఎల్ ఉంది’ అనో ‘లేదు’ అనో ఒక్క మాట రాయడం భారమవుతుందని నేను అనుకోను. ఇప్పుడు ఆధార్ కాగితం స్కాన్ చేసుకోవాలని వచ్చిన పెద్దవాళ్లను పక్క వీధిలోని ఇంటర్‌నెట్ కేంద్రానికి పంపుతున్నాం. మెట్లెక్కి వచ్చినవాళ్లను అలా తిప్పి పంపడం నాకు చాలా బాధగా ఉంటుంది.

నా అభ్యర్థన ఇది. ప్రతి పరికరం డబ్బా మీదా, ప్రతి అమ్మకపు పేజీలోనూ, లోపల ఉన్న చిప్ పేరూ, యూఎస్‌బీ సంఖ్యల జంటా, హార్డ్‌వేర్ వెర్షనూ రాయండి. వాటికి కెర్నెల్‌లో డ్రైవర్ ఉంటే ఏ కెర్నెల్ నుంచి ఉందో రాయండి. ప్రింటరో స్కానరో అయితే అది మాట్లాడే భాష పేరు రాయండి. డాంగిల్ మొదట సీడీ డ్రైవ్‌లా కనిపించి తరువాత వైఫైగా మారేదైతే ఆ రెండు స్థితుల సంఖ్యలూ రాయండి. డబ్బా మీద చోటు లేదనుకుంటే క్యూఆర్ కోడ్ పెట్టండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రానిక్ వస్తువుల ప్యాకింగ్ మీద ఉండవలసిన కొన్ని తప్పనిసరి వివరాలను క్యూఆర్ కోడ్ ద్వారా ఇవ్వడానికి అనుమతించింది, కాబట్టి ఈ పద్ధతి మీకు కొత్త కాదు. అయితే ఆ కోడ్ తెరిచే పేజీ వెర్షన్‌కు తగినట్టు మారాలి, నాలుగు వెర్షన్లకూ ఒకే పేజీ చూపిస్తే మేము మళ్లీ మొదటికే వస్తాం.

నేను లినక్స్‌కు మీ సేవా కేంద్రాల్లో సహాయం ఇవ్వమని అడగడం లేదని దయచేసి గమనించండి. ‘లినక్స్‌కు మా బాధ్యత లేదు’ అని కింద రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. లోపల ఏముందో చెప్పమని మాత్రమే అడుగుతున్నాను. మందుల అట్ట మీద కంపెనీ పెట్టుకున్న పేరుతో పాటు మందు అసలు పేరు కూడా అచ్చు వేస్తారు. అది చూసే డాక్టరు ఈ రోగికి ఇది పడుతుందో లేదో చెబుతాడు. కంపెనీ పేరు ఒక్కటే ఉంటే ఏ డాక్టరూ చెప్పలేడు. చిప్ పేరు మాకు అలాంటి అసలు పేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనేవాడికి వస్తువు నాణ్యత, ప్రమాణం మొదలైనవి తెలుసుకునే హక్కు ఇచ్చింది, 2020 ఈ-కామర్స్ నియమాలు అమ్మేవారు వస్తువుకు సంబంధించిన వివరాలు ఇవ్వాలని చెప్పాయి. వాటిని పట్టుకుని మీతో వాదులాడటం నా ఉద్దేశం కాదు. ఆ నియమాల వెనుక ఉన్న భావన మీకూ సమ్మతమేనని నమ్ముతున్నాను.

లినక్స్ వాడేవాళ్లు ఎంతమంది ఉంటారు అని మీలో కొందరు అనుకోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి గ్నూ/లినక్స్ మీదే పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్న విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2015లోనే ప్రకటించింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ పంపిణీనే తయారు చేసింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది, విండోస్ 11 అడిగే ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం లేని కంప్యూటర్లు ఇళ్లలో, బడుల్లో, చిన్న కార్యాలయాల్లో పాడవకుండానే పక్కకు వెళుతున్నాయి. ఆ అక్టోబరు తరువాత, తమ పాత కంప్యూటర్లో లినక్స్ వేసి పెట్టమని మా గదికి వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లు అడిగే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: మా ఇంట్లో ఉన్న ప్రింటర్ దీనికి పనిచేస్తుందా?

డ్రైవర్ రాయడం ఖర్చుతో కూడిన పని అనే మాట కూడా విన్నాను. రౌటర్లలో, టీవీలలో, ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచేది లినక్స్ కెర్నెలే కనుక, మీరు కొనే వైఫై చిప్‌లను తయారు చేసే పెద్ద సంస్థలు ఎలాగూ లినక్స్ కోసం డ్రైవర్లు రాస్తూనే ఉన్నాయి. 2007లో కెర్నెల్ నిర్వాహకులలో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, ఏ కంపెనీకైనా పరికర వివరాలు ఇస్తే ఉచితంగా డ్రైవర్ రాసి పెడతామని, అవసరమైతే రహస్య ఒప్పందం మీద సంతకం కూడా చేస్తామని బహిరంగంగా ప్రకటించాడు. ఆ కాలం నుంచీ చేయి చాచింది మా వైపువాళ్లే.

అయితే ఒక్క మాట నేనూ ఒప్పుకోవాలి. సంఖ్య రాసినంత మాత్రాన అన్నీ సరిపోవు. బ్లూటూత్ డాంగిళ్లలో 0ఏ12:0001 అనే సంఖ్యను చెప్పుకునే నకిలీ చిప్‌లు చాలా ఉన్నాయి. సీఎస్‌ఆర్ అనే సంస్థ అసలైన చిప్ సంఖ్యను అవి పెట్టుకుని తిరుగుతాయి. కెర్నెల్‌లో వాటిని గుర్తుపట్టడానికీ, వాటి లోపాలను దాటవేయడానికీ ప్రత్యేకంగా కోడ్ రాయవలసి వచ్చింది. నిజమైన చిప్ పెట్టి నిజాయతీగా వ్యాపారం చేసేవారికి చిప్ పేరు బయటపెట్టడం లాభమే గాని నష్టం కాదని ఇందుకే అంటున్నాను. పేరు రాస్తే దానికి కట్టుబడాలి, కట్టుబడలేనివాడు రాయడానికి వెనకాడతాడు, కొనేవాడికి ఆ తేడా డబ్బా మీదే కనిపిస్తుంది.

దుకాణదారులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, మా ఊరి బస్టాండ్ ఎదుట అయినా, మీ కౌంటర్ మీద ఏదో ఒక కంప్యూటర్ ఉంటుంది. కొత్త సరుకు వచ్చినప్పుడు ఒక్కో రకం నుంచి ఒకదాన్ని విప్పి, తగిలించి, ఆ రెండు సంఖ్యలను ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. విండోస్‌లో కూడా డివైస్ మేనేజర్‌లో ఆ సంఖ్యలు కనిపిస్తాయి, లినక్స్ రావలసిన అవసరం లేదు. నాలాంటివాడు అడిగినప్పుడు ‘అన్నింటికీ పనిచేస్తుంది సార్’ అనడానికి బదులు ఆ సంఖ్య చదివి చెబితే, నేను ఫోన్‌లో ఒక నిమిషం వెతుక్కుని అక్కడికక్కడే డబ్బు కడతాను. ఆన్‌లైన్ సంస్థలు తమ పేజీల్లో ‘ఆపరేటింగ్ సిస్టమ్’ అనే గడి పక్కనే ‘చిప్’, ‘యూఎస్‌బీ సంఖ్య’, ‘హార్డ్‌వేర్ వెర్షన్’ అనే గడులు పెట్టి, అమ్మేవారు వాటిని నింపితేనే వస్తువు పేజీలో కనిపించేలా చేయవచ్చు.

మా దగ్గర ఇప్పటిదాకా తగిలించి చూసిన పరికరాలన్నింటి సంఖ్యలూ, అవి ఏ కెర్నెల్‌తో ఎలా పనిచేశాయో రాసిన నోటుపుస్తకం ఒకటి ఉంది. మీలో ఎవరి సాంకేతిక సిబ్బంది అడిగినా దాని నకలు పంపిస్తాను. వచ్చే వేసవి సెలవుల లోపు మాకు ఒక స్కానర్, మూడు వెబ్‌క్యామ్‌లు, పాడైన ఒక డాంగిల్ స్థానంలో కొత్తది కావాలి. డబ్బు చందాలుగా పోగైంది. పైన అడిగిన వివరాలు ఏ డబ్బా మీద కనిపిస్తే దాన్నే కొనాలని గ్రంథాలయ సంఘం తీర్మానించింది, ధర కొంత ఎక్కువైనా సరే.

భవదీయుడు,
గ్రంథాలయ కంప్యూటర్ గది నిర్వాహకుడు